చివరి భాగానికి ముందు

ఆగస్టు 2

తమ్ముడూ,

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. ఈ రెండు గదుల ఇంట్లో ఎక్కడ నిలబడి మాట్లాడినా మా అత్తగారి చెవిలో మాట్లాడినట్టే. నేను "హలో" అంటే చాలు, ఆవిడ టీవీ గొంతు తగ్గించేస్తారు. పోనీ షాపులో మాట్లాడదామంటే మెషీన్ల హోరు, ఎదురుగా ఎవరో ఒకరు బట్టల మూటతో నిలబడే ఉంటారు. అందుకని ఇస్త్రీ బల్ల మీదే కాగితం పెట్టుకుని రాస్తున్నాను. అక్కడక్కడా నీటి చుక్కలు కనిపిస్తే ఏడ్చాననుకోకు. ఇస్త్రీకి చల్లే నీళ్ళు.

అసలు సంగతి నువ్వు రాసే సీరియల్. మొదట్లో షాపు వదిలి రాలేక చూడలేదు. బుధవారం వచ్చిందంటే ఎనిమిదింటికి వీధి వీధంతా టీవీల ముందుంటుంది కాబట్టి బేరాలెలాగూ లేవని నేనూ మొన్న రెండు వారాలు కూర్చున్నాను. బాగుందిరా. నీ పేరు తెర మీద పడినప్పుడు మా అత్తగారు "మనవాడే" అన్నారు. ఆవిడ నోట ఆ మాట రావడం ఎంత కష్టమో నీకు తెలుసు.

కానీ ఒకటి అడగాలి. అందులో మొగుడు మెషీను బెల్టు తెస్తానని మధ్యాహ్నం బయటికెళ్ళి మరి తిరిగి రాడు. మీ బావ వెళ్ళిందీ బెల్టు కోసమే. నువ్వు నా వాషింగ్ మెషీన్ని కుట్టు మెషీను చేశావు, నా లాండ్రీని దర్జీ కొట్టు చేశావు, అంతే తేడా. ఆ పెరటి తలుపు ఆకుపచ్చ రంగు కూడా మార్చలేదు. నెత్తుటి మరక వేడినీళ్ళతో పోదు, చన్నీళ్ళలో ఉప్పేసి నానబెట్టాలి అని ఆ దర్జీ ఆవిడ అంటుంటే ఉలిక్కిపడ్డాను. ఆ ముక్క నీకు చెప్పింది నేనే కదా, నువ్వు సైకిలు మీంచి పడి మోచెయ్యి చీల్చుకున్నప్పుడు.

ఇక్కడ అందరూ నవ్వులాటగానే తీసుకుంటున్నారులే. డ్రిల్లు మాస్టారు తెల్ల పాంట్లు ఇస్తూ "ఏమండీ, చన్నీళ్ళేనా?" అని కన్ను గీటాడు. నేనూ నవ్వాను. మా అత్తగారు మాత్రం నవ్వలేదు. ఆరేళ్ళుగా కొడుకు కబురు తెలియని మనిషి ఎలా నవ్వుతుంది?

ఆ దర్జీ ఆవిడకి చివరికి ఏమవుతుంది? నాకొక్కదానికీ చెప్పు. నా కడుపులో మాట దాగదని నువ్వంటావు గానీ, ఈసారి దాస్తాను.

అక్క

---

ఆగస్టు 8

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో అందరి ముందూ విప్పాను. ఈ రోజుల్లో చేత్తో రాసిన కవరొస్తే పెళ్ళి సంబంధమేమోనని చుట్టూ మూగారు. మా డైరెక్టరు (ఆయన్ని మేం "మైకు" అంటాం, మైకు లేకుండానే మూడో అంతస్తుకి వినిపిస్తాడు కనక) "ఎవరు, ఎవరు?" అని అరిస్తే "మా అక్క" అన్నాను. అందరూ నీరసపడిపోయారు.

చివరికి ఏమవుతుందో చెప్పలేనక్కా. కథ బయటపెట్టనని సంతకం చేయించుకున్నారు. నటులక్కూడా తెలియదు. మా ఇంటి అద్దంతో కూడా చెప్పుకోను.

ఒకటి మాత్రం చెప్తాను. వచ్చే బుధవారం భాగం చూడకు. చివరిదానికి ముందుది అది. టీవీ పాడైందని చెప్పు, కరెంటు లేదని చెప్పు, అత్తయ్యగారిని ఎక్కడికైనా తీసుకుపో. ఆ పై వారం వచ్చే చివరి భాగం మాత్రం తప్పక చూడు. ఆవిడ పక్కన కూర్చుని మరీ చూడు.

నా పనిలో చివరిదానికి ముందు భాగానికి ఒక ధర్మం ఉంది. చూసేవాళ్ళందరూ తప్పు మనిషిని నమ్మేయాలి. గట్టిగా నమ్మితేనే వారం రోజులు తిండి సహించక చివరిదానికి ఎదురుచూస్తారు. అందులో ఏం చూసినా అది నిజం కాదనుకో. ఇంతకంటే చెప్తే నా ఉద్యోగం పోతుంది.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నిలబడి నిలబడి దాన్ని పాడుచేసుకుంటున్నావు. ఎత్తు స్టూలొకటి కొనుక్కోమన్నాను, కొన్నావా?

తమ్ముడు

---

ఆగస్టు 15

తమ్ముడూ,

చూడకు అన్నావు. చూడకు అంటే మనిషి చూడకుండా ఉంటుందా? పైగా నేను టీవీ పాడైందంటే మా అత్తగారు డ్రిల్లు మాస్టారింటికి వెళ్ళి చూస్తానన్నారు. వాళ్ళింట్లో పదిమంది మధ్య చూడటంకంటే మా ఇంట్లోనే నయమనుకుని పెట్టాను.

పోలీసులు వచ్చి పెరట్లో సిమెంటు నేల పగలగొట్టడం, ఆ గునపం చప్పుడు, ఆ దర్జీ ఆవిడ ఆకుపచ్చ తలుపు పట్టుకుని నిలబడటం, తర్వాత జీపెక్కించడం. అంతే, అయిపోయింది.

లేచి వెళ్ళి మన పెరటి తలుపు గడియ వేసొచ్చాను. ఎందుకో తెలుసా? మన పెరట్లో సిమెంటు వేసింది మీ బావ వెళ్ళిన నెలకే. మెషీను నీళ్ళు నిలిచి బురదవుతోందని వేయించాను. ఇసుక మోసింది నువ్వు! నడుం పట్టేసిందని రెండు రోజులు మంచం దిగలేదు. ఆ నేల కింద ఏముందో నాకెంత తెలుసో నీకూ అంతే తెలుసు. మరి అలా ఎలా రాశావు?

అయిపోయాక మా అత్తగారే టీవీ ఆపేశారు. లేచి లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నారు. పొద్దున్న టీ ఇస్తే తీసుకోలేదు. తనే లేచి పెట్టుకున్నారు. మధ్యాహ్నం నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు. నన్ను కాదు, నేలని. నేను తలెత్తేసరికి తప్పుకున్నారు.

షాపుకొచ్చేవాళ్ళూ ఇప్పుడు నవ్వడం లేదు. డ్రిల్లు మాస్టారి పాంట్లు ఇంకా తడిగా ఉన్నాయి. ఆయన వచ్చి "ఫరవాలేదు, అలాగే ఇచ్చేయండి, ఇంట్లో ఆరేసుకుంటాం" అని సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయాడు. నీళ్ళు కారుతూనే ఉన్నాయి ఆయన వెనకాల.

వచ్చే బుధవారం ఎప్పుడొస్తుందా అని ఉంది. నువ్వన్నావు కదా, చివరి భాగం ఆవిడ పక్కన కూర్చుని చూడమని. ఆ మాట పట్టుకునే ఉన్నాను.

అక్క

---

ఆగస్టు 15

అక్కా,

నా మాట విని చూడలేదనే అనుకుంటూ రాస్తున్నాను. ఊరు ఊగిపోతోందక్కా! నిన్న బస్సులో నా వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు కొట్టుకున్నంత పని చేశారు. ఒకావిడ "అదే చంపింది, దాని కళ్ళు చూడు" అంటే, రెండో ఆవిడ "పాపం, దానికంత ధైర్యమెక్కడిది" అంటుంది. దిగాల్సిన చోట దిగకుండా వింటూ కూర్చున్నాను. మైకుగారు నన్ను కౌగిలించుకుని చెవిలోనే అరిచారు. ఇప్పటికీ ఆ చెవి గుయ్యిమంటోంది.

ఇదంతా నీ వల్లేనక్కా. నటి నన్ను అడిగింది, ఈ మనిషిని ఎక్కడ చూశారని. మా అక్క అని చెప్పాను. ఆ పాత్ర నీదే. నిన్ను చూసే రాశాను, అడుగడుగునా.

ఒక చిన్న ఇబ్బంది. వచ్చే నాలుగు బుధవారాలు ఆటల పోటీలు చూపిస్తారట. చివరి భాగం సెప్టెంబరు పదిహేడుకి వెళ్ళింది. చానల్ వాళ్ళు సంబరపడుతున్నారు, జనం ఇంకా ఉడికిపోతారని. ఈలోగా పాత భాగాలు మళ్ళీ మళ్ళీ వేస్తారు. నీకేం, నువ్వు చూడలేదుగా. హాయిగా ఉండు.

స్టూలు సంగతి చెప్పనే లేదు నువ్వు.

తమ్ముడు

---

ఆగస్టు 21

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. ఆ పాత్ర నాదేనని రాశావు. చాలా సంతోషం.

ఇక్కడి సంగతులు చెప్తాను, వచ్చే కథకి పనికొస్తాయేమో.

మా ఆడపడుచు సోమవారం పోలీసు స్టేషనుకి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చింది. "మా వదిన తమ్ముడే రాశాడు. వాడికి తెలియకుండా అన్ని సంగతులు ఎలా రాస్తాడు? పెరడు కూడా అదే" అని. తల్లితో చెప్పకుండానే ఇచ్చిందట. చెప్పే ఇచ్చిందేమో, నాకు తెలియదు. నాతో ఎవరూ ఏమీ చెప్పడం లేదు.

ఇన్‌స్పెక్టరు మర్యాదస్తుడే. షాపు బయటే బూట్లు దులుపుకుని లోపలికి వచ్చాడు. రెండు గంటలు కూర్చున్నాడు. మీ ఆయన వెళ్ళిన రోజు ఏ చొక్కా వేసుకున్నాడు, మీరిద్దరూ పోట్లాడుకున్నారా, సిమెంటు ఎందుకు వేయించారు, ఎవరు వేశారు అని అన్నీ అడిగాడు. ఆరేళ్ళ కిందట తప్పిపోయాడని నేను ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తే "మగాడన్నాక వస్తాడులెండి" అని వెనక్కి పంపిన స్టేషనే ఇది. ఇప్పుడు వాళ్ళకి తీరిక దొరికింది. అనుమతి రాగానే నేల తవ్విస్తారట.

"మీ తమ్ముడు ఊరికే రాశాడంటారా?" అని అడిగాడు వెళ్ళబోతూ. నేను జవాబు చెప్పలేకపోయాను. మిగతా అన్నిటికీ చెప్పాను, దీనికి చెప్పలేకపోయాను.

నీకు పదేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పట్నుంచి నిన్ను పెంచింది నేను. కాబట్టి అడిగే హక్కుంది. నువ్వు నిజంగా అలా అనుకుంటున్నావా? ఆరేళ్ళుగా వచ్చినప్పుడల్లా నా ఇంట్లో తిని, నా పెరట్లో నిలబడి, లోపల అలా అనుకుంటున్నావా? అవునో కాదో రాయి. అవునైతే కారణాలు రాయనక్కర్లేదు.

అక్క

---

ఆగస్టు 25

అక్కా,

కాదు. కాదు. ఒక్క రోజు కూడా కాదు.

నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి చేతికొచ్చాయి. మధ్యలో నా ఉత్తరం నీకెలా తగిలుంటుందో తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. నువ్వు ఆ పరిస్థితుల్లో ఉంటే నేనేమో "హాయిగా ఉండు" అని రాశాను!

ఫోను చేశాను అక్కా, ఎన్నిసార్లు చేశానో. రెండుసార్లు అత్తయ్యగారే ఎత్తి, నా గొంతు వినగానే పెట్టేశారు. తర్వాత మోగడమే మానేసింది.

ఆ పాత్ర నీదే అన్నానంటే, మొగుడేడని ఊరంతా అడుగుతుంటే నువ్వు కొట్టు తెరిచి నిలబడ్డ తీరు నీదని. ఎవరేమన్నా తల వంచుకుని, చేస్తున్న పని ఆపకుండా జవాబు చెప్తావే, అది. బావ వెళ్ళాక నువ్వెలా బతికావో చూసినవాణ్ణి. దాన్ని జనానికి చూపించాలనుకున్నాను. మిగతావి, పెరడు, తలుపు, సిమెంటు, చేతికందాయని వాడేశాను. ఒక గది రాయమంటే నాకు తెలిసిన గది అదొక్కటే అక్కా. దాని వెనక ఏ ఆలోచనా లేదు. ఆలోచించకపోవడమే నేను చేసింది.

చివరి భాగం చెప్పేస్తున్నాను. ఉద్యోగం పోతే పోనీ. ఆ మొగుడు చనిపోలేదు. నేల కింద ఏమీ దొరకదు. చివరి సీనులో ఎక్కడో దూరంగా ఒక మార్కెట్లో, చేతిలో సంచితో, గుంపులో నడిచిపోతుంటాడు. అంతే. బావ బతికే ఉన్నాడని నాకెప్పుడూ గట్టి నమ్మకం. ఈ ఊళ్ళో గుంపులో నడుస్తుంటే ఒక భుజం కిందికి వంచి నడిచే మనిషి ఎవరు కనిపించినా ముందుకెళ్ళి మొహం చూసొస్తాను. ఆరేళ్ళుగా చూస్తున్నాను. ఎంతమంది నన్ను జేబుదొంగ అనుకున్నారో.

ఇన్‌స్పెక్టరు నాకు ఫోను చేశారు. ఇసుక నేనే మోశానని చెప్పాను. "అదీ కథేనా?" అన్నారు.

ఇంకొక చిక్కొచ్చింది. జనం ఇంతగా నమ్మాక కాదంటే ఒప్పుకోరని, ఆవిడే చంపినట్టు చివరి భాగం మార్చాలని చానల్ వాళ్ళు పట్టుబట్టారు. మైకుగారు అటూ ఇటూ ఊగుతున్నారు. ఈ వారం నేనిక్కడ లేకపోతే వాళ్ళకి నచ్చినట్టు తీసేస్తారు. అలా తీస్తే నీ వీధిలో నీ గతేమిటి? ఇక్కడుండి దాన్ని ఆపనా, అక్కడికొచ్చి నీ పక్కన నిలబడనా? నువ్వు రమ్మంటే ఉన్నపళంగా బండెక్కుతాను. నువ్వే చెప్పు.

తమ్ముడు

---

సెప్టెంబరు 2

తమ్ముడూ,

నీ మాట నమ్మాను. ఆ దిగులు తీరింది. కానీ నన్ను అడక్కుండా నా ఇంటిని తీసుకెళ్ళి నడివీధిలో పెట్టావు. ఆ కోపం వేరే ఉంది, అది అంత త్వరగా పోదు. పోయినప్పుడు నేనే చెప్తాను.

నువ్వు రావద్దు. ఇప్పుడొస్తే ఇద్దరం కలిసి ఏదో దాస్తున్నామంటారు. అక్కడే ఉండి నీ పని చూసుకో.

నిన్న తవ్వారు.

ఇన్‌స్పెక్టరు, నలుగురు మనుషులు, ఫొటోలు తీయడానికి పత్రికవాడొకడు. గోడ మీదుగా వీధంతా తలలే. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నారు. నేను పెరటి తలుపు పట్టుకుని నిలబడ్డాను. వెంటనే టీవీలో ఆవిడా ఇలాగే నిలబడిందని గుర్తొచ్చి తలుపు వదిలేశాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎలా నిలబడినా ఆవిడలాగే ఉన్నాననిపించింది. ఏడిస్తే నటన అంటారు, ఏడవకపోతే గుండె రాయి అంటారు.

గునపం ఎత్తబోతుండగా మా అత్తగారు లోపల్నుంచి కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చారు. ఆ కుర్చీ కాళ్ళ చప్పుడుకి అందరూ ఆగిపోయారు. సరిగ్గా నేల మధ్యలో వేసుకుని కూర్చున్నారు. అంతవరకు దాదాపు ఇరవై రోజులుగా నాతో మాటల్లేవు.

"అమ్మా, లేవండి, మా పని మమ్మల్ని చెయ్యనివ్వండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నా కొడుకు దీని కింద లేడు," అన్నారు.

"ఉన్నాడని మేమూ అనడం లేదమ్మా. చూస్తామంటున్నాం."

"చూడ్డానికేం, చూద్దురు గాని. ముందు వాళ్ళందర్నీ గోడ దిగమనండి. ఇదేమన్నా సినిమానా?" అని, నా వైపు తిరిగి, "నువ్వలా దొంగలాగ నిలబడతావేమిటే? ఇలా వచ్చి నా పక్కన నిలబడు," అన్నారు.

వెళ్ళాను. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. మరి వదల్లేదు తమ్ముడూ. 

"మీరు నన్ను అనుమానిస్తున్నారనుకున్నాను, అత్తయ్యా," అన్నాను మెల్లిగా.

ఆవిడ నా మొహంలోకి చూశారు. "నిన్నా? నీకు బొద్దింకని చంపడం రాదు," అన్నారు. ఆ నేల వైపు చూస్తూ, "ఆరేళ్ళూ వాడు ఎక్కడో ఉన్నాడనే అనుకున్నానే. ఆ రోజు టీవీలో ఆ గుంట చూశాక మొదటిసారి... పోయాడేమో అనిపించింది. ఆ మాట నీతో అనడానికి నోరు రాలేదు. నీ మొహం చూస్తే అనేస్తానని చూడలేదు," అన్నారు.

నేనేమో టీ కప్పు లెక్కలు, కిటికీ లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను ఇన్నాళ్ళూ.

ఆవిడ లేచాక తవ్వారు. వానొస్తే పక్క గోడలు కూలిపోయేంత లోతు గొయ్యి. ఏముంటుంది? పాత నీళ్ళ గొట్టం, బురద, ఒక చెంచా. ఆ చెంచాని కూడా సంచిలో వేసుకుని వెళ్ళారు. ఇన్‌స్పెక్టరు వెళ్తూ క్షమించమనలేదు గానీ టోపీ తీశాడు.

దీంతో అయిపోయిందనుకున్నావా? ఈ పొద్దున డ్రిల్లు మాస్టారు మందుల కొట్టు దగ్గర అంటున్నాడట: "ఇక్కడ లేకపోతే ఇంకెక్కడో పెట్టుంటుంది."

చివరి భాగం కోసం నీ ప్రాణం పెట్టి పోరాడు. నా కోసం కాదు. మా అత్తగారు మళ్ళీ కొడుకు పోయాడేమోనని అనుకోకుండా ఉండాలి.

అక్క

---

సెప్టెంబరు 6

అక్కా,

ఓడిపోయాను.

నిన్న చివరి భాగం షూటింగ్ కానిచ్చేశారు. దర్జీ ఆవిడే చంపిందట, పొరుగూరి చెరువులో వేసిందట. చక్కగా ఏడుస్తూ ఒప్పుకుంటుంది కూడా. నటి నా దగ్గరకొచ్చి "ఇది ఆవిడ చేసే పని కాదు కదండీ?" అంది. పాపం, తనకి అర్థమైంది. మైకుగారు మొదటిసారి నెమ్మదిగా మాట్లాడారు. "నా చేతిలో లేదయ్యా," అన్నారు. ఆయన అరవకుండా మాట్లాడితే ఇంత భయమేస్తుందని తెలియదు.

నా పేరు తీసేయమన్నాను. తీసేశారు. రేపట్నుంచి ఆఫీసుకి రానక్కర్లేదన్నారు. దాని గురించి నువ్వు బాధపడకు. నా బాధంతా పదిహేడో తారీఖు గురించే. ఆ రోజు నీ వీధి అది చూస్తుంది. అత్తయ్యగారు చూస్తారు. అక్కా, నువ్వూ ఆవిడా ఆ రోజుకి ఇక్కడికి వచ్చేయండి. ఇరుకు గదే, అయినా సర్దుకుందాం. షాపుకి నాలుగు రోజులు తాళం పెట్టు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ రోజు అక్కడ ఉండకు.

ఈ ఉత్తరం అందగానే ఫోను చెయ్యి. అత్తయ్యగారు వింటే విననీ.

తమ్ముడు

---

సెప్టెంబరు 19

తమ్ముడూ,

ఫోను చేసి "రావడం లేదు, అంతా బాగానే ఉంది, ఉత్తరం రాస్తా" అని పెట్టేశానని నొచ్చుకుని ఉంటావు. అప్పుడు ఇన్‌స్పెక్టరు ఎదురుగా ఉన్నాడు. ఆయన పక్కన మీ బావ ఉన్నాడు.

నువ్వు రాసింది నిజమే. బతికే ఉన్నాడు. మార్కెట్లో కాదు, ఒక ఓడరేవులో. సామాన్ల గోడౌన్లో పని. అక్కడి క్యాంటీన్లో నీ సీరియల్ చూశాడట. పెరటి తలుపు చూసి గుర్తుపట్టాడట. జీపెక్కించిన రోజు క్యాంటీన్ క్యాంటీనంతా ఆ దర్జీ ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిడుతుంటే, ఈయన టీ తాగుతూ కూర్చున్నాడట. "కథే కదా అనుకున్నాను," అన్నాడు నాతో. మనిషి మారలేదు.

తర్వాత పత్రికలో ఫొటో పడింది. గొయ్యి పక్కన కుర్చీలో వాళ్ళమ్మ, పక్కన నేను. అది చూశాక మాత్రం కూర్చోలేకపోయాడు. దగ్గర్లో ఉన్న పోలీసు స్టేషనుకెళ్ళి "నన్ను చంపారంటున్నారు, నేను బతికే ఉన్నాను, మా ఆవిణ్ణి వదిలేయండి" అన్నాడట. వాళ్ళు మొదట తాగొచ్చాడనుకుని బయటికి నెట్టారట.

నేను ఒక రగ్గు మడతపెడుతున్నాను. ఎదురుగా ఎవరో నిలబడ్డారు. చేతిలో మూట లేదు. తలెత్తకుండానే "ఏం కావాలండీ?" అన్నాను.

"నేనే," అన్నాడు.

ఆ గొంతు వినగానే ఏదో అవుతుందనుకుంటాం కదా. రగ్గు మడత పూర్తిచేశాను. ఆ తర్వాతే చూశాను. జుట్టు పలచబడింది. ఆ భుజం ఇంకా వంగింది.

నిలదీసింది మా అత్తగారు. బయటికొచ్చి ఆయన్ని చూసి, దగ్గరకెళ్ళి, చెంప మీద లాగి ఒకటి కొట్టారు. ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడ్డాడు. అదే చేత్తో ఆ చెంప నిమిరారు. "ఎందుకెళ్ళావురా?" అన్నారు.

"తెలీదమ్మా. బెల్టు కొనడానికి బస్సెక్కాను. దిగాల్సిన చోట దిగలేదు. ఊరికే కూర్చున్నాను. సాయంత్రమైపోయింది. ఇంటికొచ్చి ఏం చెప్పను? మర్నాడు ఇంకా కష్టమైంది. నెలయ్యాక ఇక మొహం చెల్లలేదు," అన్నాడు.

ఇన్నేళ్ళూ నేను అల్లుకున్న కారణాలు ఎన్నని! ఇంకో ఆడది, జబ్బు, నామీద విరక్తి. నేను ఏ మాట అన్నానా, ఏ మాట అనలేదా అని పడుకోకుండా వెతుక్కున్న రోజులు. చివరికి ఆయన బస్సు దిగలేదు. అంతే!

సాయంత్రం మెల్లిగా అడిగాడు: "నువ్వేమీ అడగవా?"

"బతికున్నానని చెప్పడానికి వచ్చావు. చెప్పావు," అన్నాను. ఎప్పుడూ ఆయన్ని మీరు అనేదాన్ని. నువ్వు అన్నానని నాకు తర్వాత తెలిసింది.

"ఇక్కడుండమంటే ఉంటాను."

"అనను."

తల ఊపాడు. వాళ్ళ చెల్లెలింట్లో ఉంటున్నాడు. పొద్దున్నే వచ్చి తల్లి దగ్గర కూర్చుంటాడు. నేను వద్దనలేదు. ఆవిడ కొడుకు ఆవిడిష్టం. ఆడపడుచు కూడా వచ్చింది, నా ముందు చేతులు నలుపుకుంటూ నిలబడింది. రెండు దుప్పట్లు ఉతకడానికిచ్చి వెళ్ళింది. శుభ్రంగానే ఉన్నాయి అవి.

మొన్న పదిహేడున నువ్వు భయపడ్డది వచ్చింది. వీధంతా టీవీల ముందుంది. మా అత్తగారు "పెట్టనా? మీ తమ్ముడు రాసింది కదా," అన్నారు. "వాడు రాయలేదు, వాళ్ళు రాసుకున్నారు," అన్నాను. "అయితే మనకెందుకు," అని కాళ్ళు చాపుకుని పడుకున్నారు. మర్నాడు డ్రిల్లు మాస్టారు పాంట్లు పట్టుకొచ్చి, వసారాలో మీ బావ కూర్చునుండగానే, "ఎంత ఒప్పుకున్నా ఆ దర్జీ ఆవిడ కళ్ళల్లో ఏదో ఉందండీ," అన్నాడు. మీ బావ "అవునండీ," అన్నాడు. ఇద్దర్నీ చూస్తే నాకు నవ్వాగలేదు. ఎంతకాలమైందో అలా నవ్వి. మా అత్తగారు లోపల్నుంచి "ఏమైందే?" అని అరిచారు.

నీ మీద కోపం ఇంకా కొంచెం ఉంది. వస్తే పోతుందేమో. ఉద్యోగం లేదుగా, వచ్చి నాలుగు రోజులుండు.

నిన్న మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరకేసి లోపల నడుం వాల్చాను. కన్ను మూతబడుతుండగా వీధి తలుపు ఎవరో తట్టారు. ఈ ఆరేళ్ళలో ఆ తలుపు ఎప్పుడు చప్పుడైనా, ఏ పనిలో ఉన్నా, ఒంట్లో బాగున్నా లేకపోయినా, ముందు నేనే పరిగెత్తేదాన్ని. నిన్న మా అత్తగారు వెళ్ళి తీశారు. ఎవరొచ్చారో నేను అడగలేదు. అటు తిరిగి నిద్రపోయాను.

అక్క